పోలయ్య కీర్తన మీద అనుమానం

రమణమూర్తి పంతులు అనుమానం మనిషి. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూస్తాడు, బెల్లం కొంటే గిల్లి చూస్తాడు, ఎవరైనా ఎదురుపడి నవ్వితే ఇల్లు చేరేదాకా ఆ నవ్వెందుకో ఆలోచిస్తాడు. డుంబ్రిగుడ బడికి పంతులుగా కొండెక్కి వచ్చి ఆరేళ్ళయింది. వచ్చిన కొత్తలో కొండగాలి మీద కూడా అనుమానమే. జ్వరం తెస్తుందని చెవులకి గుడ్డ చుట్టుకున్నాడు. జ్వరం రానే వచ్చింది, పోనూ పోయింది, ఆ గుడ్డ మాత్రం ఉండిపోయింది.

ఇలాంటి మనిషికి సంగీతం అబ్బడమే ఒక విడ్డూరం. విజయనగరంలో గురువుగారి దగ్గర పన్నెండేళ్ళు ఫిడేలు నేర్చుకున్నాడు. చెయ్యి మంచిదే, కాదనడానికి లేదు. కచేరీలే అచ్చిరాలేదు. మృదంగం వాయించేవాడు తనని ముంచడానికే తాళం లాగుతున్నాడని నిండు సభలో తగువు పెట్టుకునేవాడు. అలా పదిమందితో చెడ్డాక, పొట్టకూటికి ఈ బడి ఉద్యోగం ఒప్పుకున్నాడు.

ఆయనకి ఇంకో బాధ కూడా ఉంది. అది భార్య సీతామహాలక్ష్మికి తప్ప ఎవరికీ తెలీదు. సొంతంగా ఒక్క కీర్తనైనా కట్టాలని పదిహేనేళ్ళుగా తంటాలు పడుతున్నాడు. ట్రంకుపెట్టె నిండా కాగితాలే. పల్లవి కుదిరితే చరణం కుదరదు. రెండూ కుదిరాయంటే, ఇది ఎక్కడో విన్నట్టుందే అని తన పాట మీద తనకే అనుమానం పుట్టుకొస్తుంది. చింపి పారేస్తాడు.

అలాంటాయన దగ్గరికి, కార్తీకమాసం మొదట్లో ఒకనాడు బడి వదిలిన వేళ, పోలయ్య వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

పోలయ్యది శృంగవరపుకోట వైపు. ఉప్పూ ఎండుచేపలూ పెరికల్లో నింపి, ఎద్దు మీద వేసుకుని ఘాటీ ఎక్కి సంతకి తెస్తాడు. కొండవాళ్ళ పసుపూ చింతపండూ వేసుకుని దిగిపోతాడు. సరుకు అతనిది కాదు, డుంబ్రిగుడలో దుకాణం పెట్టిన కృష్ణమూర్తి శెట్టిది. మూడు రోజుల అడవిదారిలో సరుకుకి కాపలా ఎవరూ ఉండరు. పోలయ్య మాటే కాపలా. శనివారం సాయంత్రాలు షావుకార్లందరూ శెట్టి దుకాణం పక్క పందిట్లో భజన చేసుకుంటారు. పోలయ్య ఊళ్ళో ఉంటే వెనక వరసలో కూర్చుని వంత పాడతాడు. యాభై దాటినా గొంతు మెత్తన.

"దండం పంతులుగారూ. నానో పాట కట్టేను బాబూ" అన్నాడు పోలయ్య, తలగుడ్డ తీసి చేతిలో నలుపుతూ. "ఏకాదశికి పందిట్లో పాడతానని శెట్టిగారిని అడిగితే, పంతులుగారు ఇని బాగుందంటే పాడుదువుగాని అన్నారు. తమరు ఓపాలి ఇని, మనసుకి ఎలాగనిపిస్తే అలాగ సెప్పీయండి."

మొదటి అనుమానం అక్కడే తగిలింది పంతులికి. శెట్టి దీన్ని నా నెత్తిన ఎందుకు పెట్టాడు? బాగుందంటే ఒకందుకూ, బాగులేదంటే ఒకందుకూ నవ్వుకోడానికా?

"సరే, పాడు" అన్నాడు.

పోలయ్య కళ్ళు మూసుకున్నాడు.

"నిలిచి నడవవయ్య రామా, నీ యెనకే వత్తన్నా..."

నవ్వు ఆపుకోడానికి సిద్ధపడి కూర్చున్న పంతులు, రెండో వరసకే చెవుల గుడ్డ విప్పేశాడు. ఆనందభైరవి! ఆ పేరు పోలయ్య ఎన్నడూ విని ఉండడు. అయినా ఎక్కడా పక్కకి జారడే! ముందు నడిచిపోతున్న దేవుణ్ణి వెనకబడ్డవాడెవడో పిలుస్తున్నాడు. కోపంగా కాదు, ఏడుస్తూ కాదు, నెమ్మదిగా, కాళ్ళు నొప్పెడుతున్నా వస్తూనే పిలుస్తున్నాడు. "యెనకే" అన్నచోట గొంతు దించి ఒక్క క్షణం ఆగాడు చూడండి, పంతులికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదిహేనేళ్ళుగా ట్రంకుపెట్టెలో వెతుక్కుంటున్నది ఇదేకదా అనిపించింది.

అంతలో ఆయన చెయ్యి తొడ మీద తాళం వెయ్యబోయింది. ఎనిమిది వేస్తే కుదరలేదు. ఏడు వేస్తే కుదరలేదు. మళ్ళీ పాడించుకుని జాగ్రత్తగా లెక్కపెట్టాడు. రెండు, రెండు, రెండు, మూడు. తొమ్మిది!

తొమ్మిది లెక్కల తాళాన్ని గురువుగారు సంకీర్ణం అనేవారు. పన్నెండేళ్ళలో ఒకే ఒక్కసారి పాడి వినిపించి, ఇది నీవల్ల కాదులే అని అక్కడికి ఆపేశారు. పెద్ద పెద్ద విద్వాంసులే తడబడే తాళం ఉప్పు మోసేవాడి నోట పుట్టిందా!

"ఇది ఎన్ని లెక్కలో తెలుసా నీకు?"

"పాటకి లెక్కేటి బాబూ?"

"స్వరం చెప్పగలవా?"

"నేదు బాబూ. నాకేటీ రాదు."

"మరి ఎలా కట్టావు?"

"దారిలో వచ్చీసింది. నడుత్తా ఉంటే అలాగ వచ్చీసింది."

దారిలో వచ్చింది! అంటే దారిలో ఎవరో ఇచ్చారన్నమాట. ఘాటీలో సన్యాసులు తిరుగుతారు. ఏ చితికిపోయిన విద్వాంసుడో, ఏ తాళపత్రమో... పంతులి బుర్రలో పురుగు తొలవడం మొదలుపెట్టింది.

"ఒంకరేటైనా ఉంటే సెప్పండి బాబూ, దిద్దుకుంటాను" అన్నాడు పోలయ్య ఆశగా.

"శనివారం పందిట్లో చెప్తాలే, వెళ్ళు."

పోలయ్య దండం పెట్టి వెళ్ళాడు. లోపల్నుంచి సీతామహాలక్ష్మి వచ్చింది. "ఎంత బాగా పాడాడండీ! మీకు కళ్ళంట నీళ్ళొచ్చాయి, నేను చూశాను."

"నువ్వు లోపల ఉల్లిపాయలు తరుగుతున్నావు కదూ, దానికి."

"కార్తీకమాసంలో మనింట్లో ఉల్లిపాయలేమిటండీ!" అని ఆవిడ నోరు నొక్కుకుంది.

శనివారం పందిరి నిండింది. అందరూ పంతులి మొహం వంకే చూస్తున్నారు. పోలయ్య ఉతికిన పంచె కట్టుకొచ్చాడు పాపం. పంతులు లేచి గొంతు సవరించుకున్నాడు.

"పాట విన్నాను. గొప్పది. నేను విన్నవాటిలో ఇంత గొప్పవి నాలుగో అయిదో ఉంటాయి. గొప్పది గనకనే చెప్తున్నాను, ఇది పోలయ్య కట్టింది కాదు. ఇందులో తాళం తొమ్మిది లెక్కలు. తాళం పేరే తెలియనివాడు అలాంటి పాట కట్టలేడు. ఎవరో మహానుభావుడి సొత్తు ఇది. ఎక్కడో కాజేసి తనదంటున్నాడు."

చిడతలు ఆగిపోయాయి. "ఏమంటావు పోలయ్యా?" అన్నాడు కృష్ణమూర్తి శెట్టి.

"నానే కట్టేను బాబూ."

"ఎలా కట్టావో పంతులుగారికి చెప్పు మరి."

"దారిలో వచ్చీసింది బాబూ" అన్నాడు పోలయ్య మళ్ళీ. శెట్టి చెడ్డవాడు కాదు. కానీ వ్యాపారస్తుడు. "ఊళ్ళో చదువుకున్న మనిషి దొంగ అన్నాక నేను విననట్టు ఎలా ఉంటాను? ఏకాదశి దాకా చూస్తాను. ఈలోపల పాట ఎవరిదో తేలాలి. తేలకపోతే నా సరుకు నీ చేతిలో పెట్టలేను, ఏమీ అనుకోకు" అన్నాడు. పోలయ్య లేచి, పందిరి దాటేదాకా తల ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

పంతులికి సంతోషం కలగాలి కదా, కలగలేదు. ఆ పాట వదలదే! బడిలో ఎక్కాలు చెప్తుంటే అదే, అన్నం కలుపుతుంటే అదే. మంగళవారం పోలయ్య పసుపు పెరికలు వేసుకుని ఘాటీ దిగుతున్నాడని తెలిసి, పంతులు బడికి సెలవు పెట్టాడు. దొంగసొత్తు ఎక్కడిదో పట్టుకొస్తానని భార్యతో అన్నాడు. అసలు మాట వేరు. పాట కట్టిన ఆ మహానుభావుడు దొరికితే కాళ్ళమీద పడి ఆ తొమ్మిది గుట్టు నేర్చుకోవాలని ఆయన ఆశ.

దారి చూపడానికి సోంబరుని వెంటబెట్టుకున్నాడు. సోంబరు బడి వెనక కొండవాలులో చోళ్ళూ సామలూ పండించుకునే మనిషి, పిల్లల్ని బడికి పంపిస్తాడు. ఇద్దరూ పోలయ్యకి రెండు మలుపులు వెనకగా నడిచారు. పోలయ్య ఆగితే పంతులు గబుక్కున పొదలోకి దూరేవాడు.

"బాబు, నువ్వు పోలీసువా?" అన్నాడు సోంబరు మూడోసారి. "కొండోళ్ళు తిరగబడ్డ పితూరీ రోజుల్లో పోలీసులు ఇలాగే పొదల్లో కూకునేవారు."

"ష్! మాట్లాడకు."

"మాటాడకపోతే ఎలుగ్గొడ్డు వస్తాది బాబు."

పంతులు పొదలోంచి చప్పున బయటికొచ్చాడు.

అనంతగిరి వైపు ఒక గుడిసె దగ్గర పోలయ్య ఆగాడు. ముసలమ్మ మంచినీళ్ళిచ్చింది. ఈమేనా? ఆవిడకి చెవుడని సోంబరు చెప్పాడు. ఇంకా దిగాక బండ కింద జడలు కట్టిన సన్యాసి కనిపించాడు. ఈయనే! పోలయ్య వంగి దండం పెట్టి ఏదో అందించాడు. పంతులు చెట్టు చాటున ఊపిరి బిగబట్టి చెవి రిక్కించాడు. సన్యాసి మూట విప్పి చూసి, "పొగాకు తేలేదేంరా?" అని విసుక్కున్నాడు. అంతే. సంగీతం లేదు, తాళపత్రమూ లేదు.

అక్కణ్ణుంచి దారి నిటారుగా దిగుతుంది. మలుపు తిరిగేసరికి ముందు మనిషి కనబడడు. ఎద్దు మెడలో ఇత్తడి గంట మాత్రం వినబడుతోంది. పోలయ్య ఏమీ పాడటం లేదు. కాళ్ళు పీకుతుంటే పంతులు ఒక రాయి మీద కూలబడ్డాడు. కూర్చుని ఆయాసపడుతుంటే తన చెయ్యి తనకి తెలీకుండానే తొడ మీద పడుతోంది. రెండు, రెండు, రెండు... మూడు. రెండు, రెండు, రెండు... మూడు. ఆయన చెయ్యి వంక చూసుకున్నాడు. చెవుల గుడ్డ లాగి పారేశాడు. గంట! ఆ గంట మోత మీద పల్లవి పెదాలు కదిపి చూసుకుంటే ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు.

"సోంబరూ! ఆ ఎద్దుకేమైంది?"

"కుంటిది కదా బాబు. మూడేళ్ళ కిందట వెనక కాలు రాళ్ళల్లో ఇరికీసింది. ఆ కాలు ఆలస్యంగా ఏస్తాది. పోలయ్య దాన్ని అమ్మడు. దానితోపాటే నెమ్మదిగా నడుస్తాడు, పాడుకుంటాడు. మా ఊర్లో ఆడోళ్ళు కలుపు తీస్తా అదే పాడతారు. కుంటెద్దు పాట అంటాం. మొదట్లో ఇంత ఉండేది కాదు. దారి పక్కన మా చేను కదా, ఒక్కో మాట కలుపుతుంటే ఇన్నాం. రెండేళ్ళకి ఇంత అయింది."

"ఇదంతా తెలిసి నాకెందుకు చెప్పలేదయ్యా!"

"నువ్వు అడగలేదు బాబు. పొదలో కూకోమన్నావు, కూకున్నాను."

పంతులికి సిగ్గుతో మొహం మండిపోయింది. కొండ కొండంతా ఆ పాట పుట్టడం, పెరగడం చూసింది. పాట గురించి తెలిసినవాణ్ణని కుర్చీ వేసుకున్న తనొక్కడే చూడలేదు. దొంగ అన్నాడు! పంచె ఎగ్గట్టి, జారుతూ లేస్తూ కిందికి పరిగెత్తాడు.

"ఏటి పంతులుగారూ, ఇలాగొచ్చీసినారు!" పోలయ్య కంగారుపడిపోయాడు. పంతులి పంచె నిండా పల్లేరుకాయలు.

"పోలయ్యా, నన్ను క్షమించు. పాట నీదే. శనివారం నేను కూసింది తప్పు."

పోలయ్య మొహం వెలుగుతుందనుకున్నాడు. వెలగలేదు. "కాదేమో బాబూ" అన్నాడు పోలయ్య నేల చూస్తూ. "తమరు సదువుకున్నోరు, ఊరికే అనరు. శనివారం కాణ్ణుంచి నాకే అనుమానం పట్టుకుంది. సిన్నప్పుడు ఏ తీర్తంలోనో ఇనీసి మర్సిపోనానేమో. పాడదామని నోరు తెరిస్తే, ఇది ఎవలిదిరా అని లోపల ఎవలో అడుగుతన్నారు. ఒగ్గీసినాను బాబూ. మరి పాడను."

ఆ లోపలి గొంతు ఎలా ఉంటుందో పంతులికి తెలుసు. పదిహేనేళ్ళుగా తన కాగితాలన్నీ చింపించింది అదే. తన జబ్బు తీసుకెళ్ళి ఒక నిక్షేపంలాంటి మనిషికి అంటించాడు.

దారి పక్కనే కూలబడి తొమ్మిది లెక్క, గంట, ఎద్దు కాలు, అన్నీ చెప్పాడు. పోలయ్య ఎద్దు వంక వింతగా చూశాడు. ఇన్నేళ్ళూ దాని వెనకే నడిచినవాడికి ఆ సంగతి తెలీనే తెలీదు. "అయితే పాట దీనిదన్నమాట, నాది కాదు" అన్నాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా! ఎద్దు నడిచిందయ్యా, పాడింది నువ్వు. విను. నువ్వు మనసులో మాట చెప్పమన్నావు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. 'యెనకే' దగ్గర నువ్వు ఆగినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నాలాంటి పాపిష్టివాడికి! నేను చచ్చేదాకా అలాంటి చోటు ఒక్కటి కట్టలేను. అసూయపడ్డాను, దానికి అనుమానం అని పేరు పెట్టాను. ఇంకోటి కూడా చెప్తాను, నిజం చెప్తానన్నాను గనక. రెండో చరణంలో ఉప్పు మూట తడిసిందనీ, వాన ఆపమనీ రాముడికి మొర పెట్టుకున్నావే, అక్కడ పాట కిందికి జారింది. అది తీసెయ్. మిగిలింది బంగారం."

పోలయ్య అన్నీ విన్నాడు. "ఏదీ, ఒక్కసారి పాడు" అంటే పెదాలు కదిలించి ఆగిపోయాడు. "రావట్లేదు బాబూ" అన్నాడు. ఏకాదశికి వస్తానని మాత్రం మాటిచ్చి ఎద్దుని అదిలించాడు.

ఏకాదశి సాయంత్రం పందిట్లో దీపాలు పెడుతుండగానే పంతులు లేచాడు. దొంగ అన్న నోటితోనే తప్పు ఒప్పుకున్నాడు. ఘాటీలో విన్నదంతా చెప్పాడు. సోంబరుని కూడా పిలిపించి చెప్పించాడు. శెట్టి గడ్డం గోక్కున్నాడు.

"ఆవేళ దొంగన్నారు, ఇవాళ దొరంటున్నారు. ఏది నమ్మమంటారు పంతులుగారూ? ఈ సోంబరు మీ వెంట తిరిగిన మనిషే. పాట పోలయ్యదైతే పోలయ్యనే పాడమనండి. ఎవరిదో మాకే తెలుస్తుంది."

పోలయ్య లేచాడు. "నిలిచి నడవ..." అని ఆగాడు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు! మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగాడు. నుదుట చెమట. పందిట్లో గుసగుసలు బయల్దేరాయి. "చూశారా" అన్నారెవరో.

పంతులి ప్రాణం ఉసూరుమంది. తొమ్మిదని చెప్పి ఇంకా పాడుచేశాను గదరా భగవంతుడా అనుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక, పందిరి మధ్యకి వెళ్ళి పంచె పైకి దోపి నడవడం మొదలుపెట్టాడు. కుంటుతూ. మూడడుగులు మామూలుగా, నాలుగోది ఈడ్చి. నడుస్తూ పల్లవి అందుకున్నాడు. ఆయన గొంతు ఫిడేలు పాటి కాదు. షావుకార్లు మొదట నోళ్ళు వెళ్ళబెట్టారు, తర్వాత పకపకా నవ్వారు. కచేరీలో ఒక మాట పడనివాడు ఆ నవ్వుల మధ్య చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఒక చుట్టు. రెండు చుట్లు.

పోలయ్య తల ఎత్తాడు. చూస్తున్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మూడో చుట్టులో ఉండబట్టలేక కేకేశాడు.

"ఆగండాగండి బాబూ! అలక్కాదు!"

పంతులు ఒంటికాలి మీదే ఆగిపోయాడు.

"నాలుగో అడుగు తమరు లెక్కెట్టి ఏస్తన్నారు. అది లెక్కెట్టదు. నొప్పికి ఆగుతాది. నొప్పి ఓర్సుకున్నాకే కాలు దింపుతాది. 'యెనకే' అన్న మాట ఆ నొప్పికాడ పడాల. తమరు ముందే పడీసినారు, పాట పాడైపోనాది. ఇలాగ!"

అంటూ తనే మధ్యలోకి వచ్చేశాడు. పంతుల్ని పక్కకి జరిపి, ఎద్దు పక్కన నడిచినట్టే నడుస్తూ పాడాడు. వేళ్ళు లేవు, లెక్కలు లేవు. నవ్వినవాళ్ళెవరూ నవ్వలేదు. మొదటి చరణం అయ్యేసరికి శెట్టి చిడతలు కింద పెట్టి ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు. పక్కవాడితో, "పాట కాజేసినవాడికి అందులో నొప్పి ఎక్కడుందో తెలుస్తుందా?" అని గొణిగి, "రేపు పొద్దున్నే పసుపు ఎత్తుకోవయ్యా" అన్నాడు పైకి.

పోలయ్య వినిపించుకోలేదు. పల్లవి ముగించి పంతులి వైపు తిరిగాడు. మొహం మీద చెమట, కళ్ళలో మెరుపు.

"పంతులుగారూ, ఉప్పు మూట తడిసిన సరణం తీసీమన్నారు కదేటి. ఆలోసించినాను. తియ్యను బాబూ. ఆ వానలో తడిసినోణ్ణి నాను. నా పాటలో అది ఉండాల."

అని రెండో చరణం ఎత్తుకున్నాడు.